బంగాళాదుంప: తప్పు దుంపది కాదు, నూనెది

మా ఆయనకు షుగర్ ఉందని తేలిన రోజు ఇంట్లో మొదటి వేటు బంగాళాదుంప మీద పడింది. తర్వాత కూర్చుని లెక్క చూశాను. 100 గ్రాముల పచ్చి దుంపలో ఉండేవి 77 కేలరీలు, 17 గ్రాముల పిండిపదార్థం. కొవ్వు లేనట్టే. పొటాషియం 400 మిల్లీగ్రాములు దాటుతుంది, విటమిన్ సి కూడా ఉంది. అదే 100 గ్రాముల చిప్స్‌లో 500 కేలరీల పైమాటే. వేగేటప్పుడు నీరు పోయి, ఆ చోటికి నూనె వచ్చి కూర్చుంటుంది మరి.

అలాగని కంచం నిండా పెట్టను. దుంపను కూరగాయల్లో కాకుండా అన్నం, రొట్టెల లెక్కలో వేస్తాను. అది తిన్న పూట అవి తగ్గాలి.

ఉడికించేటప్పుడు తొక్క తీయకండి, కోయకండి. ముక్కలు చేస్తే విటమిన్ సి, పొటాషియం నీళ్లలోకి దిగిపోతాయి. చన్నీళ్లలో వేసే పొయ్యి మీద పెట్టండి. మరిగే నీళ్లలో వేస్తే పైన చితికి, లోపల పచ్చిగా ఉంటుంది. మెదపడం వేడిమీదే, గరిటెతోనే. బద్ధకించి ఒకసారి మిక్సీలో తిప్పాను. గోడకు పోస్టర్లు అంటించుకునే జిగురు తయారైంది!

వేపుడే అసలు పరీక్ష. ముక్కల్ని నీళ్లలో వేసి కలిపితే నీళ్లు పాలలా తెల్లబడతాయి. అది పైపైన ఉన్న పిండి, ముక్కలు మూకుడుకి అంటుకునేది దానివల్లే. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, గుడ్డ మీద బాగా ఆరబెట్టండి. తడి ఉంటే ముక్క వేగదు, ఉడుకుతుంది. నూనె కాగాక వేసి, కాసేపు గరిటె పక్కన పెట్టేయండి. అడుగున ఎర్రటి పొర కట్టగానే ముక్క తనంతట తానే వదులుతుంది. నేను ఆగలేక కెలికిన ప్రతిసారీ పొడి పొడే అయింది. ఉప్పు చివర్లో వేయాలి, ముందే వేస్తే నీరు ఊరుతుంది. పులుసు పెడితే ముక్క మెత్తబడ్డాకే పులుపు పోయండి, లేకపోతే ఎంతకీ ఉడకదు.

పచ్చి దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. చలికి పిండి చక్కెరగా మారి, వేయిస్తే త్వరగా మాడతాయి. ఉడికినవి మాత్రం పెట్టొచ్చు. చల్లబడితే కొంత పిండి తేలిగ్గా అరగని రకంగా మారుతుంది, దాంతో రక్తంలో చక్కెర కాస్త నెమ్మదిగా పెరగొచ్చు. అందుకే మా ఆయనకు నేను పెట్టేది అవే. వెలుతురు తగిలి పచ్చబడితే ఆ భాగంలో సొలనిన్ అనే విషపదార్థం పెరిగి ఉండొచ్చు, ఉడికించినా అది పోదు. మొలకలు, కాస్తంత పచ్చదనం ఉంటే లోతుగా చెక్కేస్తాను. ఎక్కువ పచ్చబడినా, నాలుకకి చేదు తగిలినా దుంప మొత్తం చెత్తబుట్టలోకే.