యవ్వనస్థుల కూటంలో జారత్వం మీద వాక్యం చెప్పాలా? ఇలా సిద్ధపడండి

ఈ అంశం అప్పగించగానే చాలామంది దేవుడు నాశనం చేసిన సొదొమ పట్టణంతో మొదలుపెట్టి, సినిమాల్నీ ఫోన్లనీ తిట్టి, నరకం దగ్గర ముగిస్తారు. పిల్లలు తల దించుకుని వింటారు, కానీ ఆ తర్వాత తమ కష్టం ఎవరికీ చెప్పుకోరు.

మీరు సంఘంతో మొదలుపెట్టండి. తీర్పు దేవుని ఇంటి దగ్గరే మొదలవుతుందని 1 పేతురు 4:17 చెబుతోంది. 1 కొరింథీ 5 చూడండి, కొరింథు సంఘంలో ఒకడు తండ్రి భార్యతో ఉంటున్నా చూసీ ఊరుకున్నందుకు పౌలు గద్దించింది సంఘాన్నే, బయటివాళ్లకు తీర్పు తీర్చడం నా పనా అని కూడా ఆ అధ్యాయం చివర్లోనే అడిగాడు.

సొదొమ గురించి చెప్పాల్సి వస్తే ఆదికాండం 19 దగ్గర ఆగిపోవద్దు. యెహెజ్కేలు 16:49, 50 కూడా చదవండి, గర్వం, తిండి సమృద్ధి, పేదల్ని ఆదుకోకపోవడం, హేయక్రియలు అన్నీ అక్కడ ఒకే వరసలో ఉన్నాయి. అలాగే రోమా 1 చదివితే 2:1 వదిలేయకండి, వేలు చూపించేవాడికే అక్కడ దెబ్బ తగులుతుంది.

ఆడపిల్లల బట్టల మీదికి మాత్రం అస్సలు పోవద్దు. మత్తయి 5:28లో యేసు బాధ్యత పెట్టింది చూసేవాడి మీద. యోహాను 8లో వ్యభిచారంలో పట్టుబడిందని ఒక్క స్త్రీనే యేసు దగ్గరికి ఈడ్చుకొచ్చారు, లేవీయకాండం 20:10 ప్రకారం ఆ మగవాడు కూడా అక్కడ నిలబడాలి కదా, వాడెక్కడ? ఈ ప్రశ్న అబ్బాయిల్నే అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి.

2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు పెద్దవాళ్ల ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదంది, అదే నెలలో వ్యభిచారం సెక్షన్ కూడా కొట్టేసింది, మరి పాపం ఎలా అవుతుందని ఎవరో ఒకరు అడుగుతారు. కోప్పడకండి, మంచి ప్రశ్నే అది. జైల్లో పెట్టాలా వద్దా అన్నది కోర్టు తేల్చింది, మోహపు చూపుకి ఏ సెక్షనూ లేదు, అయినా యేసు దాన్ని పాపమే అన్నాడు. మీ సంఘం బోధ ఏదైనా సరే, స్వలింగ ఆకర్షణ ఉన్నవాళ్ల మీద జోకులు మాత్రం వద్దు, అలాంటి పిల్లవాడు మీ ముందు వరసలోనే కూర్చుని ఉండొచ్చు.

కూటం అయ్యాక ఎవరైనా వచ్చి ఒప్పుకుంటే పక్కకి తీసుకెళ్లి వినండి. మత్తయి 18:15 ఒంటరిగా మాట్లాడమంటోంది, ప్రార్థన విన్నపం పేరుతో పదిమందికి చెప్పమనలేదు. యోహాను 8లో ఆ స్త్రీతో నేనూ నీకు శిక్ష విధించను అన్నాకే యేసు ఇక పాపం చేయవద్దు అన్నాడు, మీరూ ఆ వరస తప్పకండి. పోర్న్ అలవాటైతే రాత్రి ఫోన్ గది బయట పెట్టమనండి, వారానికోసారి మీరే పలకరించండి.

కానీ వచ్చింది పద్దెనిమిదేళ్ల లోపు బిడ్డ, చెప్పింది తనని ఎవరో తాకిన సంగతి అయితే, నీ పాపం ఒప్పుకో అనే మాట నోట రానివ్వకండి, పాపం ఆ చేసినవాడిది. పిల్లల్ని లైంగిక దాడుల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా సాయం దొరుకుతుంది. సంఘం పరువు పోతుందని పెద్దలు అడ్డుపడినా ఆగకండి.