ఛార్జింగ్ టార్చి ఏళ్ల తరబడి నిలవాలంటే ఏం చేయాలి?

పర్లాకిమిడి నుంచి జయపురం దాకా కొండవార ఊళ్లలో రాత్రిపూట నీళ్లు కట్టడానికి వెళ్లినా, జీడితోటలో ఎలుగుబంటి అలికిడైనా చేతిలో ఉండేది ఛార్జింగ్ టార్చే. కొన్న రెండేళ్లకే అది మూలపడితే అందరూ లైటును తిడతారు. ఎల్‌ఈడీ వేల గంటలు వెలుగుతుంది, దానికేం కాదు. ముందు పోయేది లోపలి బ్యాటరీ. దాన్ని చంపేది మనం ఛార్జింగ్ పెట్టే తీరు. మిగిలిన లైటును చంపేది బ్యాటరీ మార్చే తీరు.

ముందు రకం చూసుకోండి

రెండు పిన్నులు బయటికి లాగి గోడ సాకెట్లో గుచ్చే లైటైతే లోపల ఎక్కువగా 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటుంది. యూఎస్‌బీ తీగతో ఛార్జింగ్ ఎక్కేదైతే లిథియం సెల్లు, చాలావాటిలో 18650. అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు.

లెడ్ యాసిడ్ లైటును వాడిన రాత్రే తిరిగి ఛార్జింగ్ పెట్టాలి. ఖాళీగా నాలుగు వారాలు అటక మీద పడుంటే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, ఇక ఎంతసేపు పెట్టినా ఎక్కదు. అలాగని వారమంతా ప్లగ్గులోనే ఉంచితే, చవక లైట్లలో కరెంటు ఆపే సర్క్యూట్ ఉండదు కాబట్టి లోపలి ద్రవం ఎండిపోతుంది. డబ్బా మీద రాసిన గంటలు చూసి తీసేయండి.

ఈ రకంతో ఇంకో ప్రమాదం ఉంది. వీటిలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కెపాసిటర్ ఒక్కటే అడ్డం. ప్లగ్గులో ఉన్నంతసేపు లోపలి భాగాలన్నిటికీ 230 వోల్టుల కరెంటుతో సంబంధం ఉంటుంది. మూత విప్పి ఛార్జింగ్ పెట్టినా, తడిచేత్తో పట్టుకున్నా షాకే. ఛార్జింగ్‌లో ఉండగా స్విచ్ వేయకూడదు కూడా. బ్యాటరీ చచ్చి ఉంటే ఆ వోల్టేజీ తిన్నగా ఎల్‌ఈడీల మీద పడి అవి మాడిపోతాయి. కొత్తగా కొనేవాళ్లు ఈ రకం జోలికి పోవద్దు. వెనక మూత విప్పితే సెల్లు బయటికి వచ్చే యూఎస్‌బీ లైటే కొనండి. విప్పడానికి వీల్లేని లైటు ఎంత చవకైనా దండగే.

నెలకోసారి పని

అమావాస్య ముందు రోజు పెట్టుకోండి, గుర్తుంటుంది. వెనక మూత విప్పి మరల్లోని మురికి పొడి గుడ్డతో తుడవాలి. స్ప్రింగునీ, లోపలి లోహపు బిళ్లనీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన చెవి బడ్‌తో రుద్దాలి. ఈ ఆల్కహాల్ ఫోన్ రిపేరు షాపుల్లో దొరుకుతుంది. నల్లబడి ఉంటే పెన్సిల్ రబ్బరు చాలు. గరుకు కాగితం వద్దు, పైపూత పోయి ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. నల్ల రబ్బరు రింగుకి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. కొబ్బరినూనె రాసేవాళ్లు కొల్లలు. అది కొన్నాళ్లకి జిగురై దుమ్మంతా పట్టుకుంటుంది.

లిథియం లైటుకి 5 వోల్టుల 1 ఆంపియర్ పాత ఫోన్ ఛార్జర్ సరిపోతుంది. రెండు కొసలా టైప్ సీ ఉన్న తీగతో కొన్ని చవక లైట్లు ఎక్కవు, పాడయ్యిందనుకుని పారేయకండి. ఒక కొస పాత వెడల్పాటి యూఎస్‌బీ (టైప్ ఏ) ఉన్న తీగతో పెట్టి చూడండి. వెలుగు తగ్గగానే ఛార్జింగ్ పెట్టాలి, ఆరిపోయేదాకా పీల్చొద్దు. రేకుల షెడ్డులో మధ్యాహ్నప్పూట పెట్టొద్దు, పరుపు మీద అసలే వద్దు. వానలో తడిస్తే ఛార్జింగ్ రంధ్రం ఒక రోజంతా ఆరాక గాని తీగ గుచ్చకూడదు. తడి మీద కరెంటు పెడితే పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. గోపాలపురం, సోనాపురం వైపు ఉప్పుగాలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

లిథియం సెల్ మార్చడం

తొందరపడి లైట్లు పాడుచేసేది ఇక్కడే. వోల్టులు కొలిచే మల్టీమీటరు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

పాత సెల్లు నిండుగా ఛార్జింగ్ చేసి, తీసి, ఒక రోజు పక్కన పెట్టి కొలవండి. నిండిన సెల్లు 4.2 వోల్టుల దగ్గర ఉండాలి. ఒక్క రోజులో 4 కన్నా కిందికి జారితే దాని పని అయిపోయింది. వాడకుండా పడేసిన సెల్లు 2 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే మళ్లీ బతికించాలని చూడొద్దు. అంత కిందికి పోయినప్పుడు లోపలి రాగి రేకు కరిగి, తర్వాత ఛార్జింగ్‌లో లోపల్లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. సొట్టపడినా, తియ్యటి రసాయనం వాసన కొట్టినా అంతే.

కొత్తది కొనేటప్పుడు పైన రాసిన అంకె చూసి మోసపోకండి. 18650 సైజులో బజారు సెల్లుకి 3500 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) దాకా నమ్మొచ్చు. 9800 అని రాసి ఉంటే అబద్ధమే. మంచి సెల్లు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. బంగారం కొట్టు కాటాలో పెట్టి చూస్తే దొంగ సరుకు బయటపడుతుంది. మీ లైటులో ప్లస్ కొస బొడిపెగా ఉందో, చదునుగా ఉందో చూసుకుని అదే రకం తీసుకోండి. లోపల రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్లు రెండుమూడు మిల్లీమీటర్లు పొడుగుంటుంది. మూత పట్టకపోతే బలవంతంగా బిగించొద్దు.

చాలామందికి తెలియని సంగతి ఒకటి: ప్లస్ బొడిపె చుట్టూ ఉండే అంచు మైనస్. సెల్లు ఒళ్లంతా మైనస్సే. పైన ప్లాస్టిక్ తొడుగు అక్కడ చిరిగి, అల్యూమినియం గొట్టమో స్ప్రింగో రెండింటినీ తాకితే సెకన్లలో కాలుతుంది. అందుకే ప్లస్ కొసకి రంధ్రమున్న ఇన్సులేషన్ కాగితపు బిళ్ల అంటించాలి. తొడుగు గీసుకుపోయిన సెల్లుకి టేపు చుట్టి సరిపెట్టొద్దు, కొత్త తొడుగు వేయించండి.

సెల్లుకి తీగలు అతికి ఉంటే పని ఇంకా సున్నితం. విప్పకముందే ఫోన్‌తో ఫొటో తీయండి. ఎరుపు ప్లస్, నలుపు మైనస్ అని తీగ రంగును నమ్మొద్దు, సర్క్యూట్ బోర్డు మీద బీ ప్లస్, బీ మైనస్ గుర్తులు చూడండి. తారుమారైతే ఛార్జింగ్ ఐసీ (బోర్డు మీది చిప్పు) అక్కడికక్కడే పొగ కక్కుతుంది. కటింగ్ ప్లేయరుతో రెండు తీగలూ ఒకేసారి కత్తిరిస్తే ప్లేయరే షార్ట్ చేసేస్తుంది. ముందు ప్లస్ ఒక్కటే కత్తిరించి కొసకి టేపు వేసి, తర్వాత మైనస్ తీయండి. కొత్త సెల్లుకి ఈ వరస తిరగేయాలి: ముందు మైనస్, చివర ప్లస్.

సోల్డరింగ్ ఐరన్ తిన్నగా సెల్లు మీద పెట్టకూడదు. ఆ వేడికి లోపలి పల్చటి ప్లాస్టిక్ పొర కరగొచ్చు. నికెల్ పట్టీలు స్పాట్ వెల్డింగ్ చేసిన సెల్లే అడిగి తీసుకుని, తీగను ఆ పట్టీకి అతకండి. మిస్త్రీ నేరుగా అతికేస్తానంటే వేరే షాపు చూసుకోండి. రెండు సెల్లులుండే లైటులో రెండూ కొత్తవీ, ఒకే రకానివీ అయి ఉండాలి. పక్కపక్కన (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపే ముందు రెండూ కొలవండి, తేడా 0.05 వోల్టులు దాటకూడదు. పాతదాన్నీ కొత్తదాన్నీ జోడిస్తే పాతది కొత్తదాన్ని పీల్చేస్తుంది.

దాచిపెట్టేటప్పుడు

లిథియం లైటును నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జింగ్‌తో, సుమారు 3.7 నుంచి 3.8 వోల్టుల మధ్య, చల్లటి చోట పెట్టాలి. అక్టోబరు, నవంబరుల్లో మాత్రం తుపాన్ల భయం ఉంటుంది కాబట్టి ఈ నియమం పక్కన పెట్టండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న ఈ వైపే తీరం దాటాయి. ఆ రెండు నెలలు నిండుగా ఉంచినందుకు సెల్లు ఆయుష్షు కాస్త తగ్గినా ఫర్వాలేదు.

తీసేసిన సెల్లు రెండు కొసలకీ టేపు వేసి, ఈ-చెత్త తీసుకునేవాళ్లకే ఇవ్వండి. పాత ఇనుము కొట్లో పడేస్తే వాళ్లు సుత్తితో కొట్టే సామానుల్లో కలిసిపోతుంది.