ఎత్తులు 86 మీటర్లు తగ్గాయా? కార్టోశాట్ స్టీరియోలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

బెంగళూరులో మ్యాపింగ్ పని నేర్చుకుంటున్న మన కుర్రాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, ఎర్రర్ ఎక్కువుంది, జీసీపీలు పెంచమంటావా?" వద్దు. జీసీపీలంటే నేల మీద కచ్చితంగా కొలిచి తెచ్చుకున్న పాయింట్లు. వాటిని పెంచే ముందు ఆ ఎర్రర్ ఎటు పోతోందో గీసి చూడు.

2005లో శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1 ఉపగ్రహంలో ఫోర్ కెమెరాను 26 డిగ్రీలు ముందుకు, ఆఫ్ట్ కెమెరాను 5 డిగ్రీలు వెనక్కి చూసేలా అమర్చారు. ఒకే చోటును రెండూ సుమారు 52 సెకన్ల తేడాతో తీసేవి. ఆ జంట చిత్రాలే స్టీరియో, వాటి నుంచి నేల ఎత్తుల పటం (డీఈఎం) తయారుచేస్తాం. ఒక్కో వరుసా ఒక్కో క్షణంలో పడేది కాబట్టి ఉపగ్రహం కదలికంతా చిత్రంలోకి ఎక్కింది.

ఎత్తులన్నీ ఒకే లెక్కన తక్కువ

ఎక్కువమంది పడే గుంట ఇదే. ఆర్‌పీసీ అంటే నేల మీది చోటు చిత్రంలో ఏ పిక్సెల్‌లో పడుతుందో లెక్కగట్టే సూత్రం, మన కెమెరా మోడల్ అదే. అది అడిగేది ఎలిప్సాయిడ్ (భూమికి బదులు వాడే నునుపైన గణిత ఆకారం) నుంచి ఎత్తు, టోపోషీట్ (సర్వే మ్యాపు) ఇచ్చేది సముద్రమట్టం ఎత్తు. బెంగళూరులో జియాయిడ్, అంటే ఆ సముద్రమట్టం, ఎలిప్సాయిడ్‌కు సుమారు 86 మీటర్లు దిగువన ఉంటుంది. అందుకే 930 మీటర్లున్న చోటు డీఈఎంలో 844గా కనిపిస్తుంది. మోడల్‌ది తప్పేం లేదు, చివర్లో జియాయిడ్ తేడా సరిచేస్తే చాలు.

టోపోషీట్ ఎత్తునే జీసీపీలో పెడితే కనిపించే లక్షణం వేరు. ఫోర్‌లో రెసిడ్యువల్ (పాయింటు ఉన్న చోటుకూ మోడల్ చూపే చోటుకూ తేడా) 15 పిక్సెళ్లు దాటుతుంది, ఆఫ్ట్‌లో ఎదురు దిశలో సుమారు మూడే ఉంటుంది. ఇలా కనబడితే ఎత్తుల కాలమ్ తెరిచి చూడండి. కొన్ని పాయింట్లు జీపీఎస్‌వి (ఎలిప్సాయిడ్ ఎత్తు), కొన్ని టోపోషీట్‌వి కలిస్తే ఇంకా చిక్కు: నేల వాలినట్టు వస్తుంది. నేను రెండు రోజులు ఆ వాలు వెనకాలే తిరిగాను.

స్టీరియోలో చూస్తే కళ్లు లాగుతున్నాయి

ఉపగ్రహం దారికి అడ్డంగా రెండు చిత్రాలూ కలవడం లేదన్నమాట. 618 కిలోమీటర్ల ఎత్తులో ఒక ఆర్క్‌సెకను వాలు తప్పితే నేల మీద 3 మీటర్లు. తేడా అంతటా ఒకేలా ఉంటే చిత్రంలో షిఫ్ట్ సరిచేయండి, ఒక్క మంచి జీసీపీ చాలు. వరుసలతో పాటు పెరుగుతుంటే అఫైన్ (జరుపుతో పాటు సాగుదల, తిప్పుడు కూడా సరిచేసేది) కావాలి. దానికి కనీసం మూడు జీసీపీలు, నా లెక్కలో ఆరు; ఫలితం సరిచూసుకునే చెక్‌పాయింట్లు వేరేగా. అలలుగా ఉంటే అది జిట్టర్, అంటే ఉపగ్రహం వణుకు. ఆర్‌పీసీ నునుపైన మూడో డిగ్రీ పాలినామియళ్ల నిష్పత్తి, అది ఆ అలలను పట్టలేదు. జీసీపీలు గుప్పించినా లాభం లేదు.

జీసీపీల దగ్గర భేష్, కొండ మీద ఘోరం

ఆర్‌పీసీ వదిలి సొంతంగా పాలినామియల్ వేసినప్పుడు వచ్చే జబ్బు. పాయింట్లన్నీ దేవనహళ్లి మైదానంలో పెట్టి 1,478 మీటర్ల నందికొండ దగ్గర సరిగ్గా రమ్మంటే ఎలా వస్తుంది? కొండ మీదా ఒకటి పెట్టండి, డిగ్రీ తగ్గించండి. ఫ్లైఓవర్ మీద గుర్తుపెట్టి కింది రోడ్డు ఎత్తు రాయడం కూడా ఇలాగే ముంచుతుంది.

ప్లాన్ (నేల మీది స్థానం) 2.5 మీటర్లు జరిగింది, ఎత్తు బాగానే ఉంది

సరిగ్గా ఒక పిక్సెల్ జరిగిందన్నమాట. పిక్సెల్ లెక్క 0 నుంచా, 1 నుంచా అన్న గొడవ. సాఫ్ట్‌వేర్ మాన్యువల్ చూసి మార్చేయండి.

చెరువుల మీద గుట్టలు

నీటి మీద మ్యాచింగ్ (రెండు చిత్రాల్లో ఒకే చోటును జతచేయడం) కుదరదు. ఒక పిక్సెల్ పొరపాటే ఎత్తులో సుమారు 4 మీటర్లు. బెళ్లందూరు చెరువైనా సరే, గట్టు గీసి మాస్క్ చేసి ఒకే ఎత్తు ఇవ్వండి. కెమెరా మోడల్‌ను ముట్టుకోవద్దు.