ఎముకల డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? మూడో పాఠం: కాలు మడతపడినప్పుడు

మొదటి పాఠంలో ఎముకల డాక్టరు చూసేది ఒక్క ఎముకలనే కాదని చెప్పుకున్నాం. కీళ్లు, వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు, కండరాన్ని ఎముకకి అతికించే టెండన్లు, వెన్నుపూసలు, అన్నీ ఆయన పనే. రెండో పాఠంలో నొప్పి ఎక్కడంటే చెయ్యంతా తడిమి చూపకుండా ఒక్క వేలితో చూపించడం సాధన చేశాం. ఇవాళ ఆ వేలితోనే పని.

ఆరేళ్ల క్రితం మా అమ్మ పెరటి మెట్టు దిగుతూ ఎడమ కాలు మడతేసుకుంది. ఫోన్ చేస్తే "బెణికిందిలేరా, నడుస్తూనే ఉన్నాగా" అంది. నేను ఫిజియోథెరపిస్టుని. రోజూ ఇలాంటి కాళ్లే చూస్తాను. అయినా "నడుస్తున్నా" అన్న ఒక్క మాట పట్టుకుని సరేనన్నాను. పదకొండు రోజులు నూనె రాసి తోమించుకుంది. నేను ఇంటికి వెళ్లి పాదం బయటి అంచు మీద ఒకచోట వేలు పెట్టి నొక్కగానే కాలు లాగేసుకుంది. ఎక్స్‌రేలో చిటికెన వేలి వెనకుండే పొడుగాటి ఎముక మొదట్లో ముక్క విరిగి కనిపించింది. ఆ వేలు ఎక్కడ పెట్టాలో అమ్మకే తెలిసుంటే మొదటి రోజే బయటపడేది. ఈ పాఠం రాయడానికి కారణం అదే.

కాలు మడతపడినవాళ్లలో ఎక్కువమందికి అయ్యేది బెణుకే, అంటే లిగమెంటు సాగడమో, కొంచెం చిరగడమో. ఒకప్పుడు ఇలా వచ్చిన దాదాపు అందరికీ ఎక్స్‌రే తీసేవారు. అందులో వందకి పదిహేనుమందికి కూడా ఎముక విరిగి ఉండేది కాదు. ఎవరికి ఎక్స్‌రే కావాలో, ఎవరికి అక్కర్లేదో వేలితో నొక్కి తేల్చే పద్ధతిని కెనడాలోని ఒట్టావాలో డాక్టర్లు తయారుచేసి 1992లో ప్రచురించారు. ఇప్పటికీ చాలా దేశాల్లో అత్యవసర విభాగాల్లో దాన్నే వాడతారు. మనం నేర్చుకునేది అదే.

దానికంటే ముందు ఒక పని. కాలికి మెట్టెలు, పట్టీలు ఉంటే వాపు రాకముందే తీసేయండి. వాచాక మెట్టె బిగుసుకుపోతే కత్తిరించాల్సి వస్తుంది.

తర్వాత ముట్టుకోకుండా చూడండి. రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టి, దెబ్బ తగిలిన పాదం పక్కకి తిరిగిపోయిందా, చర్మం చిట్లి ఎముక కనిపిస్తోందా, వేళ్లు చల్లబడి పాలిపోయాయా, నీలంగా మారాయా, ముట్టుకుంటే తెలియడం లేదా అని చూడండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక పరీక్షలు వద్దు. కాలు ఉన్నది ఉన్నట్టుగా కింద దిండు పెట్టి, కదలకుండా పక్కల చుట్టిన దుప్పటి ఆనించి, 108కి ఫోన్ చేయండి. వంకర పోయిన కాలిని ఇంట్లో సరిచేయబోవద్దు. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి డాక్టరు చూసేదాకా ఏమీ తినిపించకండి.

అవేవీ లేకపోతే వేలు తీయండి. నాలుగు చోట్లు గుర్తుపెట్టుకోవాలి. ముందు బాగున్న కాలి మీద వెతికి పట్టుకోండి, చదువుతూనే చేయండి.

చీలమండకి బయటివైపు ఉబ్బెత్తుగా తగిలే గుబ్బ ఉంటుంది. అది విడి ఎముక కాదు, మోకాలి దగ్గర నుంచి బయటివైపుగా దిగే సన్నటి ఎముక చివర. గుబ్బ కింది కొస మీద, అక్కడి నుంచి వెనక అంచు వెంట పైకి 6 సెంటీమీటర్ల దాకా, అంటే నాలుగు వేళ్ల వెడల్పుకి కాస్త తక్కువగా, అంగుళం అంగుళం జరుపుతూ నొక్కాలి. వెనక అంచే ఎందుకని చాలామంది అడుగుతారు. మామూలుగా దెబ్బతినే లిగమెంటు గుబ్బకి ముందువైపు ఉంటుంది. అక్కడ నొక్కితే ఉత్త బెణుక్కి కూడా ప్రాణం పోయినంత నొప్పి వస్తుంది, తేడా తెలియదు. వెనక అంచు మీద ఎముకనే నొక్కి అక్కడే నొప్పి పుడితే ఎముకని అనుమానించాలి. రెండో చోటు లోపలివైపు గుబ్బ. అదే కొస, అదే వెనక అంచు, అంతే దూరం.

మూడోది మా అమ్మ చోటు. చిటికెన వేలి మొదలు నుంచి పాదం బయటి అంచు వెంట మడమ వైపు వేలు జరుపుకుంటూ రండి. దాదాపు సగం దారిలో ఒక బొడిపె తగులుతుంది. పాదం లోపలికి మడతపడినప్పుడు అక్కడ అతుక్కున్న టెండను ఎముక ముక్కని లాక్కుని వచ్చేస్తుంది. ఆ బొడిపెకి కొంచెం ముందు విరిగే మరో రకం ఉంది. దానికి ఇంగ్లండ్ సర్జన్ రాబర్ట్ జోన్స్ పేరే పెట్టారు, ఎందుకంటే డాన్సు చేస్తూ ఆయన తన పాదమే విరగ్గొట్టుకున్నారు. 1902లో దాని గురించి రాసిన వ్యాసంలో, మొదట టెండను తెగిందనే అనుకున్నానని ఆయన చెప్పారు. ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు తేలింది. అంతటి ఎముకల సర్జనే పొరబడిన చోటు ఇది. అందుకే ఇక్కడ రెండుసార్లు నొక్కి చూడమంటాను.

నాలుగోది పాదం లోపలివైపు. లోపలి గుబ్బకి కింద, కాస్త ముందుకి వస్తే పాదం వంపు పైన ఇంకో బొడిపె ఉంటుంది.

ఈ నాలుగింటిలో ఎక్కడ ఎముక మీద నొక్కినా నొప్పి వస్తే ఎక్స్‌రే కావాలి, అడుగులు వేసి చూడాల్సిన పని లేదు. ఎక్కడా నొప్పి లేకపోతేనే లేచి నాలుగడుగులు వేయండి, ఒక్కో కాలికి రెండు. కుంటినా లెక్కే, కాలి మీద బరువు పడితే చాలు. పడిన వెంటనే వేయలేక, కాసేపయ్యాక కూడా వేయలేకపోతే ఎక్స్‌రేకి వెళ్లాలి. చూడండి, "నడుస్తున్నా" అన్నది ఇందులో ఒక భాగమే. అమ్మ నాలుగడుగులూ వేసింది. వేలితో నొక్కి ఉంటేనే దొరికేది.

పరీక్షలో ఏమీ తేలకపోతే ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ. తేలినంత మాత్రాన విరిగిందనీ కాదు. నొప్పి చూపించినవాళ్లలో చాలామందికి ఎక్స్‌రే మామూలుగానే వస్తుంది, కాబట్టి ముందే టెన్షన్ పడకండి.

కొందరికి ఈ పరీక్ష పనికిరాదు. చిన్నపిల్లలు సరిగ్గా చెప్పలేరు, పైగా వాళ్ల ఎముకల చివర్లలో పెరిగే మెత్తటి భాగం ఉంటుంది. మద్యం తాగి పడినవాళ్లకీ, వేరేచోట పెద్ద దెబ్బ తగిలినవాళ్లకీ ఈ నొప్పి తెలియదు. బాగా పెద్దవయసువాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు నేరుగా చూపించుకోవడమే మంచిది. అన్నిటికన్నా ముఖ్యంగా ఏళ్ల తరబడి షుగర్ ఉండి పాదాలు మొద్దుబారినవాళ్లు. వాళ్లకి ఎముక విరిగినా నొప్పి ఉండకపోవచ్చు. పాదం వాచి, ఎర్రబడి, రెండో పాదం కంటే వేడిగా తగిలితే, నొప్పి లేకపోయినా అదే రోజు ఆ కాలి మీద బరువు పెట్టకుండా డాక్టరుకి చూపించాలి. దీన్ని చీము పట్టిందనుకుని మందులు వాడుతూ నడిచేస్తే పాదం ఆకారమే మారిపోతుంది.

మరో గుర్తు. మడమ వెనక ఎవరో తన్నినట్టు, ఏదో తెగిన చప్పుడు వచ్చినట్టు అనిపించి మునివేళ్ల మీద లేవలేకపోతే అది బెణుకు కాదు. మనిషిని బోర్లా పడుకోబెట్టి, పాదాలు మంచం అంచు బయటికి ఉంచి, పిక్క పిసకండి. మునివేళ్ల మీద లేచేటప్పుడు వంగినట్టు పాదం కదలాలి. కదలకపోతే పిక్క టెండను తెగి ఉండొచ్చు. వారంలోపు కాదు, ఆ రోజే వెళ్లండి.

ఇంట్లో ఉంచుకునే బెణుక్కి మొదటి రెండు మూడు రోజులు నూనె మర్దనా, వేడి కాపడం వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున పెట్టండి, పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉంచండి. పసుపు, సున్నం కలిపి పట్టు వేస్తే చర్మం రంగు కనపడదు, సున్నంతో బొబ్బలు కూడా రావచ్చు. క్రేప్ బ్యాండేజీ వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి.

కట్టు గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. మన దగ్గర నాటుకట్టు మీద ఎంతో నమ్మకం ఉంది, పుత్తూరు పేరు తెలియని ఇల్లు లేదు. ఎవరు కట్టినా, ఆసుపత్రిలో వేసిన పిండికట్టయినా సరే, లోపల వాపు పెరుగుతుంటే బిగుసుకుని రక్తం ఆగిపోతుంది. బిగుతు కట్లు కండరాన్ని చంపేస్తాయని జర్మన్ సర్జన్ ఫోల్క్‌మన్ 1881లోనే రాశారు. కట్టు వేశాక నొప్పి తగ్గాలి. మందు వేసినా పెరుగుతుంటే, వేళ్లు ఎవరైనా పైకి వంచితే తట్టుకోలేకపోతే, తిమ్మిరెక్కితే, తెల్లారేదాకా ఆగకండి. ఆరు గంటలు దాటితే కండరం తిరిగి రాకపోవచ్చు.

డాక్టరు దగ్గర ఏమవుతుందోనన్న భయంతో ఆగేవాళ్లు చాలామంది. ఆపరేషన్ అంటారేమో అని. ఆయన చేసేది కూడా ముందు ఇదే వేలి పరీక్ష, తర్వాత ఎక్స్‌రే. ముక్కలు జరగకపోతే సగం పిండికట్టో, పాదాన్ని కదలకుండా పట్టి ఉంచే బూటో వేసి పంపిస్తారు. మా అమ్మకి బూటుతోనే ఆరు వారాల్లో అతుక్కుంది. ముక్కలు జరిగినా, కీలు విడిపోయినా అప్పుడే స్క్రూలు, ప్లేట్ల మాట వస్తుంది.

పరీక్షలో ఏమీ తేలనివాళ్లు కూడా, వారానికీ సరిగా నడవలేకపోతున్నా, రెండు వారాలకీ వాపు దిగకపోయినా, కోలుకున్నాక అదే కాలు మళ్లీ మళ్లీ మడతపడుతున్నా చూపించుకోండి.

ఈ వారం సాధన: ఇంట్లో ఇద్దరి పాదాల మీద నాలుగు చోట్లూ పెన్నుతో చుక్కలు పెట్టండి. మర్నాడు చుక్కలు చెరిగాక కళ్లు మూసుకుని వేలితో మళ్లీ వెతకండి. వచ్చే పాఠంలో నడుము నొప్పి చూద్దాం.