వరదల నెలల ముందు కొత్త ఫోనా? సిమ్ము, ప్లాను ఇలా చూసుకోండి

కొత్త ఫోను కొనగానే అందరూ అడిగేది ఒకటే: ఏ కంపెనీలో డేటా ఎక్కువ, ధర తక్కువ? అమలాపురంలోనో భీమవరంలోనో ఉండేవాళ్లకి ఆ లెక్క సరిపోతుందేమో. లంకల్లో, ఏటిగట్టు లోపల, అంతర్వేది వైపు సముద్రం ఒడ్డున ఉండేవాళ్ల లెక్క వేరండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి వరద, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. కరెంటు పోయిన రాత్రి కూడా ఫోను మోగాలి. స్పీడు సంగతి తర్వాత.

షాపు ముందు సిగ్నలు గీతలు నిండుగా కనిపిస్తాయి, అక్కడే సిమ్ము అంటగట్టేస్తారు. మీరు తేల్చుకోవాల్సింది ఇంటి దగ్గర. చుట్టుపక్కల వాళ్లవి ఒక్కో కంపెనీ ఫోను అడిగి తీసుకుని లోపలి గదిలో, డాబా మీద, రేవు దగ్గర మాట్లాడి చూడండి. గీతలు లెక్కపెట్టడం కాదు, రెండు నిమిషాలు మాట తెగకుండా వినిపించాలి, ఒక ఫోన్‌పే చెల్లింపు వెళ్లాలి. కంపెనీల వెబ్‌సైట్లలో కవరేజి మ్యాపులున్నాయి, చూడండి. కానీ మీ స్లాబు కింద గదిలో ఏమవుతుందో మ్యాపు చెప్పదు. 5జీ అని మురిసిపోకండి. 3500 మెగాహెర్ట్జ్ మీద వచ్చే 5జీ గోడలు దాటి లోపలికి అంతగా రాదు, 700 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం వెళ్తాయి. జియో 5జీకి, బీఎస్ఎన్ఎల్ 4జీకి ఈ 700 కూడా వాడుతున్నారు. ఫోను వివరాల్లో ఈ 700కి బ్యాండ్ 28 అని రాస్తారు, మీ ఫోను దాన్ని పట్టుకుంటుందో లేదో కొనేముందే అడగండి. షాపువాడు నసిగితే ఆ మోడలు వివరాలు నెట్‌లో వెతకండి.

రెండో సిమ్ము వేరే కంపెనీది ఉంచుకోమని అందరూ చెబుతారు. చాలామంది వదిలేసే విషయం ఇంకోటుంది. ఒకే టవరు మీద రెండు మూడు కంపెనీల పెట్టెలు ఉంటాయి. కరెంటు పోయాక ఆ టవరు నడిచేది బ్యాటరీ మీద, జనరేటరు ఉంటే డీజిలు మీద. దారి మునిగి డీజిలు చేరకపోతే రెండు సిమ్ములూ ఒక్కసారే మూగబోతాయి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఎన్ని లంకలకి దారి తెగిందో గుర్తుందిగా. అందుకే రెండో సిమ్ము అవతలి ఒడ్డు టవరు నుంచి అందేది తీసుకుంటే మేలు.

కార్డు లేకుండా ఫోనులోనే ఉండే ఈ-సిమ్ము ఇస్తామంటే మా వైపు వద్దనే అంటాను. ఫోను నీళ్లలో పడితే మామూలు సిమ్ము ఊడదీసి, తుడిచి, ఇంట్లో ఉన్న పాత ఫోనులో వేసుకోవచ్చు. ఈ-సిమ్ముకి ఆ వీలు లేదు. జియో సిమ్ము మాత్రం పాత 2జీ బటన్ల ఫోనులో పనిచేయదు, 4జీ బటన్ల ఫోను కావాలి.

ఇక ప్లాను. 28 రోజులది తీసుకుంటే ఏడాదికి పదమూడు సార్లు వేయించాలి, ఒకటి సరిగ్గా ముంపు వారంలోనే అయిపోతుంది. కనకాయలంక ఊరికి వెళ్లే కాజ్‌వే (ఏటి మీది తక్కువ ఎత్తు దారి) మునిగాక రీఛార్జికి పడవ ఎక్కాలి, డేటా లేకపోతే ఫోనులో వేసుకోవడమూ కష్టమే. జూలై 1న 84 రోజులది వేయించి, అది అయ్యేలోగా ఇంకోటి వేయిస్తే డిసెంబరు మధ్య దాకా బెంగ లేదు. కువైట్ నుంచి రోజూ వీడియో కాల్ వచ్చే ఇంటికి డేటా ప్లాను తప్పదు. అమ్మమ్మ ఫోనుకి అదెందుకు? 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన మార్చాక కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే దీర్ఘకాలపు ప్యాకులు వచ్చాయి, అడిగి వేయించండి. అడగందే ఎవరూ చెప్పరు. పోస్ట్‌పెయిడ్‌లో గడువు బెడద లేదు గానీ, బాకీ ఉంటే నంబరు వేరే కంపెనీకి మారదు.

నంబరు అలాగే ఉంచుకుని కంపెనీ మారాలనుకుంటే జూన్‌లోనే మారండి. పాత కంపెనీలో 90 రోజులు నిండాలి. 1900కి ఎస్ఎంఎస్ పంపితే వచ్చే కోడు మన దగ్గర నాలుగు రోజులే పనిచేస్తుంది. పోయిన సిమ్ముకి బదులు కొత్తది తీసుకుంటే, కంపెనీ మారడానికి ఏడు రోజులు ఆగాలి. బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి కదా, తుపాను హెచ్చరిక వచ్చాక ఆ పని పెట్టుకోవద్దు.

ఫోను వాయిదాల మీద కొంటే వడ్డీ లేదన్న మాటతో ఆగకండి, ప్రాసెసింగ్ ఫీజు ఎంతో కాగితం మీద చూడండి.

చివరగా సెట్టింగుల్లో ఎమర్జెన్సీ అలర్టులు (ప్రభుత్వం పంపే హెచ్చరికలు) ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. పెద్ద తుపానప్పుడు ప్రభుత్వం ఆదేశిస్తే ఒక కంపెనీ సిమ్ము ఇంకో కంపెనీ టవరు మీద పనిచేస్తుంది. మీ సిగ్నలు పోతే సెట్టింగుల్లోని మొబైల్ నెట్‌వర్క్‌లో ఆటోమేటిక్ తీసేసి, కనిపించే పేర్లు ఒక్కోటీ నొక్కి చూడండి. జిల్లా కంట్రోల్ రూము 1077, అత్యవసరానికి 112. ఫోనులోనే కాక గోడ మీద క్యాలెండరు వెనకా రాసి ఉంచండి.