స్టైరీన్ పాలిమరైజేషన్‌ను అనుకున్న చోట ఆపడం ఎలా?

పాలిమరైజేషన్ అంటే స్టైరీన్ లాంటి చిన్న అణువులు (మోనోమర్లు) ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి గొలుసులు కావడం. వేడి ఉన్నంతసేపూ ఒకే గొలుసు సాగుతూ పోతుందనుకుంటే పొరపాటే. ఒక్కో గొలుసు పుట్టి, పెరిగి, ఆగడానికి పట్టేది సెకన్లే. పెరిగే గొలుసు కొస రాడికల్, అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన భాగం. అలాంటి రెండు కొసలు ఎదురుపడితే రెండింటి పనీ అయిపోతుంది. స్టైరీన్‌లో ఎక్కువగా అవి అతుక్కుని ఒకే పొడవాటి గొలుసవుతాయి. మిథైల్ మెథాక్రిలేట్ అనే మరో మోనోమర్‌లో ఎక్కువగా ఒకటి రెండోదానికి హైడ్రోజన్ ఇచ్చి తప్పుకుంటుంది. అయితే ఇనిషియేటర్ (గొలుసులను మొదలుపెట్టే పదార్థం) మిగిలినంతకాలం కొత్తవి పుడుతూనే ఉంటాయి, ఆపాల్సింది వాటినే.

ఉదాహరణకు ఫ్లాస్కులో 50 మి.లీ. స్టైరీన్, సాల్వెంట్‌గా 50 మి.లీ. టోలుయీన్, ఇనిషియేటర్‌గా 0.2 గ్రా. ఏఐబీఎన్, 70 డిగ్రీల దగ్గర, నైట్రోజన్ కింద. సీసాలో వచ్చే స్టైరీన్‌లో నిరోధకం ఉంటుంది కాబట్టి ముందే 10 శాతం కాస్టిక్ సోడా నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, తర్వాత మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. లేకపోతే మొదట్లో చాలాసేపు ఏమీ జరగదు.

ఐసు, ఉప్పు కలిపిన తొట్టి ముందే సిద్ధం చేసుకోండి. చెన్నైలో మే నెలలో ట్యాంకు నీళ్లే గోరువెచ్చగా వస్తాయి, వాటిని నమ్ముకోవద్దు. తూకం వేసిన ట్యూబులో 5 మి.గ్రా. హైడ్రోక్వినోన్‌ను (చర్యను ఆపే నిరోధకం) టీహెచ్‌ఎఫ్ అనే సాల్వెంట్ కొన్ని చుక్కల్లో కరిగించి, చల్లబరచి, ఫ్లాస్కులోంచి 5 మి.లీ. శాంపిల్‌ను సిరంజితో అందులో వదిలి మళ్లీ తూచండి. మూత తీసి బాగా ఊపండి. చాలామంది వదిలేసేది ఇక్కడే: హైడ్రోక్వినోన్‌కు ఆక్సిజన్ తోడు కావాలి. రాడికల్‌తో ఆక్సిజన్ కలిస్తే వచ్చే పెరాక్సీ రాడికల్‌నే అది గట్టిగా పట్టుకుంటుంది. నైట్రోజన్ కింద మూసిన ఫ్లాస్కులో వేస్తే దాదాపు వృథా.

తర్వాత పాలిమర్ విడిగా దిగడానికి, 50 మి.లీ. చల్లని మిథనాల్‌ను తిప్పుతూ అందులోకి ఈ శాంపిల్‌ను చుక్కచుక్కగా పోయండి. ఒక్కసారిగా గుమ్మరిస్తే ముద్దకట్టి, లోపల టోలుయీన్ చిక్కుకుంటుంది, కన్వర్షన్ (మోనోమర్‌లో గొలుసులైన వంతు) లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. వడకట్టి, వాక్యూమ్ అవన్‌లో 50 డిగ్రీల దగ్గర తూకం మారనంతవరకు ఆరబెట్టండి. ఇక్కడి ఉక్కలో, మిథనాల్ ఆవిరవుతూ చల్లబడిన పొడి గాల్లోని తేమను లాగేస్తుంది. బల్లమీద ఆరబెట్టి తూస్తే లెక్క తప్పుతుంది.

సాల్వెంట్ లేకుండా మిథైల్ మెథాక్రిలేట్ చేస్తుంటే 20 శాతం కన్వర్షన్ దాటక ముందే ఆపాలి. పాకం చిక్కబడ్డాక పెద్ద గొలుసుల కొసలు ఒకదాన్నొకటి చేరుకోలేవు, చిన్న మోనోమర్ మాత్రం చేరుతూనే ఉంటుంది. ఆగడం తగ్గి, వేగం, వేడి పెరిగి, 101 డిగ్రీల దగ్గర మోనోమర్ మరుగుతుంది. అప్పుడు హైడ్రోక్వినోన్ వేసినా ఆ జిగురులో కలవదు. హీటర్ ఆపి, ఫ్యూమ్ హుడ్ అద్దం దించి, దూరంగా జరగండి.