ఇంటి ఆఫీసుకు క్యాబు రాదు

హైదరాబాదులో ఉన్నప్పుడు మా ఆఫీసు క్యాబు రాత్రి 10:40కి కదిలేది. మాది బ్రిటన్ క్లయింటు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, మధ్యాహ్నం 1:30 నుంచి రాత్రి 10:30 దాకా షిఫ్టు. 10:35 అయ్యేసరికి డ్రైవరు ఫోను: "మేడమ్, అందరూ ఎక్కేశారు, మీరొక్కరే." సగం రాసిన మెయిలు సగంలోనే వదిలేసి, బ్యాగు భుజాన వేసుకుని పరుగెత్తేదాన్ని. క్యాబు తప్పిపోతే మాదాపూర్ నుంచి మియాపూర్‌కి ఆ రాత్రివేళ నా తిప్పలు నేను పడాలి. పని ఎంత మిగిలినా సరే, రోజు మాత్రం ముగిసేది.

2020 మార్చి 24న లాక్‌డౌన్ ప్రకటించారు. మూడు నెలల తర్వాత సామాను సర్దుకుని కాకినాడలో అత్తవారింటికి వచ్చేశాం. ఇప్పటికీ ఇంటి నుంచే చేస్తున్నాను, నెలకు మూడు రోజులు మాత్రం గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లొస్తాను. వచ్చిన కొత్తలో రోజుకు మూడు గంటల ప్రయాణం మిగిలిందని సంబరపడ్డాను. ఆ మూడు గంటలూ ఎటు పోయాయో ఏడాదిన్నర దాకా తెలియలేదు.

ఇంటి నుంచి పని చేసేవాళ్లకి ఎవరు సలహా చెప్పినా పొద్దున్నతో మొదలుపెడతారు. తొందరగా లేవండి, స్నానం చేయండి, ఇస్త్రీ బట్టలు వేసుకోండి అని. నేను రాత్రితో మొదలుపెడతాను. నా అనుభవంలో ఇంట్లో పని మొదలవడం ఏనాడూ కష్టం కాలేదు. ఆగడమే కష్టం.

ముందు లెక్క రాయండి

ఒక వారం పాటు, ఏమీ మార్చకుండా, ఉన్నది ఉన్నట్టు రాయండి. నేను పాల లెక్క పుస్తకంలో వెనక పేజీల్లో రాశాను. లాప్‌టాప్ ఎప్పుడు తెరిచాను, ఎప్పుడు మూశాను, మధ్యలో ఫోనులో ఎవరికి జవాబిచ్చాను, అన్నీ. అన్నం తింటూ చూసిన మెసేజీ కూడా లెక్కే. నేను 48 గంటలు ఉంటుందేమో అనుకున్నాను. కూడితే 61 వచ్చింది. ఆ ఎక్కువలో చాలాభాగం అసలు పనే కాదు. 10:30కీ 11:50కీ మధ్య "ఒక్కసారి చూసి పడుకుందాం" అనుకున్న సమయం.

వారానికి 55 గంటలు, ఆ పైన పని చేసేవాళ్లకి, 35-40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. మామూలుగా అయితే ఇలాంటి అంకెలు చదివి పక్కన పెట్టేస్తాను. కానీ మా మామయ్యగారికి అప్పటికే పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆయనకి అన్నం కలిపి పెడుతూ నా 61 గురించి ఆలోచించాను.

మీ క్యాబు మీరే పెట్టుకోండి

మా ఇంట్లో రాత్రి గేటుకు తాళం వేసేది మామయ్యగారు. ఆయన మంచాన పడ్డాక ఆ పని ఎవరికి గుర్తొస్తే వాళ్లు చేసేవాళ్లం. ఒక్కోసారి తెల్లవార్లూ గేటు తీసే ఉండేది. ఆ పని నేను అడిగి తీసుకున్నాను. 10:40కి గేటు తాళం నాది. అత్తయ్య తాళం చప్పుడు వినబడేదాకా నిద్రపోరు. అంటే నేను ఆలస్యం చేస్తే ఆవిడ మేలుకుని ఉంటారు. ఆవిడ ఏమీ అనరు, దగ్గుతారంతే. డ్రైవరు ఫోను కంటే గట్టిగా పనిచేస్తుంది.

మీకూ అలాంటిది ఒకటి చూసుకోండి. ట్యూషన్ నుంచి పిల్లని తీసుకురావడం కావచ్చు, పాల బూతు మూసేలోపు ప్యాకెట్లు తేవడం కావచ్చు. ఎదురుగా ఇంకొక మనిషి ఎదురుచూసే పని అయి ఉండాలి. నేను ముందు యోగా పెట్టుకున్నాను, వాకింగ్ పెట్టుకున్నాను, రెండూ పది రోజులు నిలవలేదు. నాకోసం నేను చేసుకునే పనిని ఆఫీసు మెయిలు చాలా తేలిగ్గా పక్కకు నెట్టేస్తుంది.

గేటుకు ముందు అరగంట ఇలా గడుస్తుంది. 10:10కి ఫోనులో అలారం మోగుతుంది, దానికి "డ్రైవరు" అని పేరు పెట్టాను. మోగాక కొత్త పని ముట్టుకోను. డైరీలో మూడు ముక్కలు రాస్తాను: ఎక్కడ ఆపాను, రేపు మొదట ఏం చేయాలి, ఎవరి జవాబు రావాలి. ఇది రాయని రోజున ఆ మూడూ పడుకున్నాక బుర్రలో తిరుగుతాయి. తర్వాత లాప్‌టాప్‌ని పూర్తిగా ఆపేసి, చార్జరు చుట్టి, హైదరాబాదులో మోసిన అదే పాత బ్యాగులో పెట్టి, బ్యాగుని బీరువాలో పెట్టేస్తాను.

బీరువా దాకా ఎందుకని మా ఆయన నవ్వుతారు. టేబుల్ మీద మూసి పెట్టిన లాప్‌టాప్ తెరవడానికి రెండు సెకన్లు చాలు. బీరువా తీసి, బ్యాగు దించి, వైరు గుచ్చి, ఆన్ చేసేసరికి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో "రేపు చూద్దాంలే" అన్న బుద్ధి వచ్చేస్తుంది.

గడియారం సంగతి

విదేశీ క్లయింటు ఉన్నవాళ్లు ఈ ముక్క వదలకండి. బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం గడియారం గంట ముందుకు, అక్టోబరు చివరి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. వేసవిలో మనకీ వాళ్లకీ తేడా నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర. అమెరికావాళ్లు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం మారుస్తారు. ఆఫీసులో ఉండగా ఈ గంటను క్యాబు టైమే సర్దేసేది. ఇంటికొచ్చాక ఏటా అక్టోబరు చివర నా షిఫ్టు చెప్పాపెట్టకుండా రాత్రి 11:30 దాకా సాగిపోయేది, అయినా మధ్యాహ్నం 1:30కే కూర్చునేదాన్ని. పాత టైము అలవాటు, కొత్త టైము డ్యూటీ. రెండు చివరలా నేనే ఇస్తున్నాను.

మూడో ఏడాది మేనేజరు గారికి రెండు లైన్ల కాగితం చూపించాను. మన టైములో 1:30 నుంచి 10:30 దాకా అంటే వాళ్లకి వేసవిలో 9 నుంచి 6, చలికాలంలో 8 నుంచి 5. "ఏడాది పొడుగునా ఇదే ఉంచుతాను, చలికాలంలో వాళ్లు పొద్దున్నే వచ్చేసరికి రాత్రి జరిగిన టెస్టుల రిపోర్టు సిద్ధంగా పెడతాను" అన్నాను. రెండు రోజుల్లో ఒప్పుకున్నారు. "నాకు కష్టంగా ఉంది సార్" అని అంతకుముందు రెండుసార్లు చెప్పాను, "అందరికీ ఉందమ్మా" అన్నారు. కష్టం చెప్పుకుంటే ఓదార్పు దొరికింది, లెక్క చూపిస్తే టైము దొరికింది.

"ఇంట్లోనే ఉంటావుగా"

ఈ మాట వినని వాళ్లుంటే నాకు చెప్పండి. గ్యాస్ సిలిండర్ వస్తే నేనే, కొరియర్ వస్తే నేనే, పెళ్లి పిలుపులకి బొట్టు పెట్టించుకోవాల్సింది నేనే. మొదట్లో అత్తయ్యతో వాదించాను. ఆవిడ దృష్టిలో తలుపేసుకుని ఒక్కదాన్నే కూర్చుని మాట్లాడుకోవడం పని కాదు. వాదన వల్ల ఒరిగిందేమీ లేదు. రెండు ఏర్పాట్లు మాత్రం పనిచేశాయి.

ఒకటి, ఎర్ర చున్నీ. తలుపు గడియకి చున్నీ కట్టి ఉంటే కాల్‌లో ఉన్నానని, రావద్దని. తలుపు మూసి ఉన్నా చున్నీ లేకపోతే రావచ్చు. ఈ రెండో సగం ముఖ్యం. రోజంతా రావద్దంటే ఎవరూ వినరు. ఫలానా అప్పుడు రావచ్చని తెలిస్తే ఆగుతారు. మా చిన్నాడైతే చున్నీ విప్పేదాకా గుమ్మం ముందే కూర్చునేవాడు, అదొక నస, కానీ లోపలికి రాలేదు.

రెండోది, సాయంత్రం 4:30 నుంచి 5 దాకా నేను ఇంటిదాన్ని. పిల్లలు బడి నుంచి వచ్చే వేళ. అత్తయ్యకి టీ ఇచ్చి, ఆవిడ చెప్పాల్సినవన్నీ అప్పుడే వింటాను. ఆఫీసు క్యాలెండరులో ఆ అరగంటని "పిల్లలు" అని రాసే మూసి పెట్టాను. మొదట "ఇంటర్నల్ మీటింగ్" అని అబద్ధం రాసేదాన్ని. ఒకరోజు క్లయింటు వైపు ఒకాయన క్యాలెండరు చూస్తే "పాపని స్కూలు నుంచి తేవాలి" అని తేటతెల్లంగా ఉంది. సిగ్గేసింది. ఆ రోజే మార్చాను. ఇంతవరకు ఎవరూ ఆ అరగంటలో మీటింగు పెట్టలేదు.

మధ్యాహ్నం షిఫ్టు వాళ్లకి ఇంకో గొయ్యి ఉంటుంది. పొద్దున్నంతా ఖాళీయే కదా అని ఇంటి పని మొత్తం మన మీద వాలుతుంది. ఆరింటికి లేచి, క్యారేజీలు కట్టి, వంట, బట్టలు, బ్యాంకు పని, అన్నీ అయ్యాక ఒంటిగంటన్నరకి కూర్చుంటే అప్పటికే ఒక షిఫ్టు చేసేసినట్టు. పాల పుస్తకంలో నేను రాయని గంటలు ఇవి. తర్వాత రాశాను, మా ఆయనకి చూపించాను. ఆయన పాలిటెక్నిక్‌లో లెక్చరర్, ఐదింటికి వచ్చేస్తారు. రాత్రి వంట, పిల్లల హోంవర్కు ఇప్పుడు ఆయనవి. అలా కుదరడానికి రెండేళ్లు పట్టింది. చారులో చింతపండు ఇప్పటికీ ఎక్కువే వేస్తారు, నోరు మూసుకుని తాగుతాను. 11:30 నుంచి 12:30 దాకా నేను ఎవరికీ దొరకను. నిద్రపోతాను, లేకపోతే ఊరికే కూర్చుంటాను.

కూర్చునే చోటు

ఇది తొందరగా చెప్పేస్తాను. మంచం మీద పని చేయకండి. ఆరు నెలలు చేశాను, మెడకి ఫిజియోథెరపీ ఖర్చు మంచి కుర్చీ ధర కంటే ఎక్కువైంది. స్క్రీను పై అంచు కళ్ల ఎత్తుకి రావాలి, చెయ్యి చాచినంత దూరంలో ఉండాలి. నా లాప్‌టాప్ కింద పాత ఎంసెట్ పుస్తకాలు రెండు ఉన్నాయి, కీబోర్డూ మౌసూ విడిగా కొన్నాను. మోచేతులు బల్ల ఎత్తులో మడత పడాలి, పాదాలు నేలకి ఆనాలి. ఆనకపోతే పీట వేసుకోండి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమంటారు కళ్ల డాక్టర్లు. నాకు కిటికీలోంచి ఎదురింటి కొబ్బరిచెట్టు సరిగ్గా ఆ దూరంలో ఉంది.

ఫోను, నా తప్పు

ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అని ఉంటుంది. ఆఫీసు యాప్‌లన్నీ అందులోకి వెళ్తాయి, ఒక్క నొక్కుతో అన్నీ మూగబోతాయి. మీ కంపెనీ ఐటీవాళ్లని అడిగితే పెట్టిస్తారు. అది లేకపోయినా ఆఫీసు మెసేజీల యాప్ టీమ్స్‌లో, మెసేజీలు మోగకుండా ఉండే వేళల్ని (క్వయట్ టైమ్) పెట్టుకోవచ్చు. మాకు తలనొప్పంతా వాట్సాప్ గ్రూపు. దాన్ని మ్యూట్ చేసి, నిజంగా కొంప మునిగితే ఫోను చేయమని చెప్పాను. నాలుగేళ్లలో వచ్చిన ఫోన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అసలు సంగతి వేరే. నేను ఆరుగురి టీముకి లీడ్‌ని. బీరువా పద్ధతి రాకముందు ఒకరోజు రాత్రి 11:40కి ఒక జూనియర్ అమ్మాయికి మెసేజీ పెట్టాను, "రేపు ఆ బగ్ చూడు" అని. రేపటి పనే, మర్చిపోతానేమోనని పెట్టాను. 11:42కి జవాబు: "చూస్తున్నాను మేడమ్." రేపు అన్న మాట ఆ పిల్లకి కనబడలేదు, పంపిన టైము కనబడింది. నా పై మేనేజరు చేస్తున్నాడని నేను ఏడ్చే పనే నేనూ చేస్తున్నాను. అప్పటి నుంచి రాత్రి ఏదైనా గుర్తొస్తే డైరీలో రాస్తాను, లేదా మెయిలు రాసి మర్నాడు మధ్యాహ్నం 1:35కి వెళ్లేలా షెడ్యూల్ చేస్తాను. జీమెయిల్, అవుట్‌లుక్ రెండింట్లోనూ ఆ వీలుంది. లీడ్లు, మేనేజర్లు ఈ ఒక్కటి చేసినా కింద పదిమంది నిద్రపోతారు.

ఫ్రాన్సులో 2017 నుంచి, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి డ్యూటీ అయ్యాక ఆఫీసుకి జవాబివ్వకుండా ఉండే హక్కు చట్టంలోనే ఉంది. మన లోక్‌సభలో 2018లో అలాంటి ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు గానీ చట్టం కాలేదు. కాబట్టి మనకి దిక్కు ఆ రెండు లైన్ల కాగితమే. మాటల్లో ఒప్పుకున్నది మెయిలులో కూడా పెట్టించుకోండి, మేనేజర్లు మారుతుంటారు.

కరెంటు, జ్వరం, రిలీజు

రౌటరుకి చిన్న యూపీఎస్ కొనండి. కరెంటు పోయిన గంటని రాత్రి కలిపి చేయకండి. ఆఫీసులో కరెంటు పోతే ఎవరైనా చేశారా? జ్వరం వస్తే లీవు పెట్టండి. మంచం పక్కనే లాప్‌టాప్ ఉంది కదా అని 101 జ్వరంలో కాల్‌లో కూర్చున్నాను ఒకసారి, ఆ రోజు నేను పాస్ చేసిన టెస్టులన్నీ మర్నాడు ఇంకొకరు మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఇన్ని చెప్పినా, మూడు నెలలకోసారి రిలీజు వారం, అంటే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ బయటికి వెళ్లే వారం, వస్తుంది. ఆ వారం రెండు రాత్రులు ఒంటిగంట దాటుతుంది, తప్పదు. అది ముందే ఇంట్లో చెప్పేస్తాను, వంటింటి క్యాలెండరులో ఆ తేదీల చుట్టూ సున్నా చుడతాను. ఎన్ని గంటలు ఎక్కువైతే మర్నాడు అన్ని గంటలు ఆలస్యంగా కూర్చుంటానని టీముకి ముందు రోజే చెప్తాను. ఆ రాత్రులు గేటు తాళం మా ఆయన వేస్తారు.